మొదటి మనిషి మాట

1968 సెప్టెంబర్ 22, ఆదివారం

బడిలో వాడకుండా మిగిలిన హాజరు పట్టీ ఇంటికి తెచ్చి ఇందులో రాస్తున్నాను. సర్కారు కాగితం సొంతానికి వాడుకోవడం తప్పే. కానీ ఎవరికీ చెప్పకూడని సంగతి ఒకటి నా కడుపులో పడింది. ఇరవై ఎనిమిదేళ్లు పంతులుగా వాగి వాగి అలవాటైన నోరు ఇది, నువ్వుగింజ నానదు. ఎక్కడో ఒకచోట కక్కాలి.

మంజులత ఉత్తరం రాసింది. ఉస్మానియాలో ఉర్దూ ఎం.ఏ. మొదటి తరగతిలో ప్యాసైన నా బిడ్డకు ఢిల్లీలో కొలువు వచ్చేలా ఉంది. పరీక్ష అయింది, పెద్దవాళ్లు పిలిచి మాట్లాడటం కూడా అయింది. ఇక ఊళ్లో విచారణ ఒకటే మిగిలింది. పాకిస్తాన్ పత్రికలు చదవాలట, రేడియో వినాలట, అందులో పనికొచ్చేది తీసి రాయాలట. "బయటి దేశాల సంగతులు కనిపెట్టే ఆఫీసు. నీకొక్కనికే చెప్తున్న బాపూ, అమ్మకు సుత చెప్పకు" అని రాసింది. ఆఫీసు పేరు మాత్రం రాయలేదు. తనకే తెలియదేమో.

ఆడపిల్లకు ఉర్దూ చదువేమిటని ఈ ఊరు నన్ను ఎంత ఏడిపించింది! "బిడ్డను నిజాం కొలువుకు తోల్తవా పంతులూ" అని హోటల్ కిష్టయ్య అనని రోజు లేదు. నిజాం రాజ్యం పోయి ఇరవై ఏళ్లయింది. కోస్తా నుంచి వచ్చిన మా ఇన్‌స్పెక్టరైతే నా తెలుగులో ఉర్దూ ముక్కలు ఏరి మరీ నవ్వేవాడు. ఇప్పుడు ఆ ముక్కలే ఢిల్లీకి కావలసి వచ్చాయి.

సోమమ్మతో తర్జుమా పని అని మాత్రం చెప్పాను. చాలా సంతోషపడింది. నాకూ సంతోషంగానే ఉంది.

సెప్టెంబర్ 30, సోమవారం

బతుకమ్మకు మంజులత వచ్చింది. పొద్దున ఇద్దరం చేనికి పోయాం. అడగకుండా ఉండలేకపోయాను.

"బిడ్డా, గిది పట్టిచ్చే పని కాదా?"

ఐలేశం పేరు నేను ఎత్తలేదు. ఎత్తనక్కర లేదు. మా ఊరి ముసలామె హనుమమ్మకు వాడొక్కడే కొడుకు, కమ్యూనిస్టు సంఘంలో తిరిగేవాడు. నలభై తొమ్మిదిలో పోలీసు క్యాంపుకు వాణ్ణి పట్టిచ్చినవాడు ఈ ఊరివాడే, మాతో కలిసి తిన్నవాడే. ఐలేశం తిరిగి రాలేదు. పట్టిచ్చినవాడు ఊరు వదిలిపోయినా వాడి ఇంటి జాగాలో ఈరోజుకీ ఎవరూ గోడ లేపలేదు.

మంజులతకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "కిష్టయ్య మామ కొడుకు జంగన్న యాదికున్నడా బాపూ?" అంది.

లేకేం. అరవై రెండులో చైనా సరిహద్దు మంచులో పోయాడు. శవం కూడా రాలేదు.

"ఆవల ఎంతమంది ఉన్నరో, ఏ దిక్కుకెళ్లి వస్తరో ముందుగాల మనోళ్లకు ఎరుక లేకపాయె. ఎరుకైతే జంగన్న అసుంటోళ్లు గట్ల పోయేటోళ్లా? తుపాకి పట్టెటోనికి ముందుగాల ఒకరు ఎరుక చెయ్యాలె. గా చేసేటోళ్లల్ల నేనొకదాన్నైత."

"పత్రికలు సదివితే ఏం ఎరుకైతది?"

"ఒకదాంట్ల ఫలానా రైలు బంద్ చేసినమని చిన్న ముక్క ఏస్తరు. ఇంకోదాంట్ల ఫలానా ఊరి దవాఖానల మంచాలు పెంచినమని ఏస్తరు. దేనికదే సదివితే ఏం లేదు. రెండు కలిపి సదువు బాపూ, మిలటరీ కదుల్తాందని తెలుస్తది."

అవతల జొన్నచేలో పిట్టలు పడ్డాయని చెప్పి అటు నడిచాను. పిట్టలేమీ లేవు.

అక్టోబర్ 12

వాన లేదు. ఆముదం చేను తల వాల్చింది. విచారణకు ఇంకా ఎవరూ రాలేదు. రాకపోతే పోనీ. దేవరకొండ హైస్కూల్లో ఉర్దూ పంతులమ్మ కొలువు ఖాళీ ఉందంటున్నారు. ఇంటి నుంచి పోయి రావచ్చు.

అక్టోబర్ 24, గురువారం

బడి గంట కొట్టే వేళకు సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, నల్లబూట్లు. ఎరువుల కంపెనీ మనిషి అయి ఉంటాడు. ఏవో రెండు మాటలు అడిగాడు, చెప్పి పంపించాను. ఉక్కగా ఉంటే తలకు చుట్టుకున్న రుమాలు తీసి భుజాన వేసుకున్నాను. పిల్లలకు తొమ్మిదో ఎక్కం ఇంకా రాలేదు.

అక్టోబర్ 25

ఎరువుల మనిషి కిష్టయ్య హోటల్ దగ్గర కూడా ఆగాడట. కల్లుగీసే భీమయ్య దగ్గర కూడా. వాళ్లంతే, ఇల్లిల్లూ తిరుగుతారు.

నవంబర్ 3, ఆదివారం

"అన్నం ముందట పెట్టుకొని ఏం సోచాయిస్తున్నవ్?" అని సోమమ్మ అడిగింది. జ్వరం వచ్చేలా ఉందన్నాను. చెయ్యి పట్టి చూసి, "సల్లగనే ఉన్నవ్" అంది.

ఎరువుల మనిషి మళ్లీ రాలేదు.

నవంబర్ 12, మంగళవారం

మంజులత ఉత్తరం. నాలుగే వాక్యాలు.

ఊళ్లో విచారణలో తేడా వచ్చిందట. ఏం తేడానో వాళ్లు చెప్పలేదట. నెలాఖరులోగా సరైన జవాబు అందకపోతే కొలువు రద్దవుతుందట. "నేనేం అబద్ధం రాయలేదు బాపూ, మన ఊల్లె ఎవలేమన్నరో జర అడుగు."

ఏమన్నారా? ఈ ఊరు ఏమన్నదో రేపు తేలుస్తాను. అన్నం పెట్టిన చెయ్యినే కొరికే ఊరు ఇది. వీళ్ల పిల్లలకు అక్షరం ముక్క చెప్పినందుకు నా బిడ్డ నోట్లో మట్టి కొట్టారు. ఒక్కొక్కణ్ణీ కడిగేస్తాను.

నవంబర్ 13, బుధవారం

ముందు కిష్టయ్య దగ్గరికి పోయాను. సైకిల్ మీద వచ్చినాయనకు ఏం చెప్పావని అడిగాను.

"దశరథం పంతులా, ఆయన ఎప్పుడో మిర్యాలగూడెం దిక్కు పోయిండని చెప్పిన" అన్నాడు, ఘనకార్యం చేసినట్టు చాయ్ కూడా పోశాడు.

"నా బిడ్డ సంగతి అడగలేదా?"

"అడిగిండు. మంజులతనా, అసుంటి పేరే ఈ ఊల్లె ఇనలేదన్న."

ఎత్తుకుని తిరిగిన పిల్ల. జంగన్న పోయిన ఏడు ఆయన పక్కన కూర్చుని అన్నం తినిపించిన పిల్ల.

భీమయ్య తాటిచెట్టు దిగి వచ్చి మరీ చెప్పాడు. "నేనింకా గట్టిగ చెప్పిన పంతులూ. ఈ ఊరికి పంతులే లేడన్న." హనుమమ్మ చెవులు వినరావన్నదట. ఆమెకు చీమ నడిచినా వినపడుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "క్యాంపు కాలం పోయి పదిహేడేండ్లాయె! ఇంకా గా బుద్ధులేనా? నా బిడ్డ కొలువు తీసిండ్రు గదరా!" అని బజారులో అరిచాను.

భీమయ్య నిజంగానే తెల్లబోయాడు. "నువ్వే చెప్తివి గదా పంతులూ" అన్నాడు.

"నేనేం చెప్పిన?"

"చెట్టు మీదికెళ్లి చూసిన. గాయన ముందుగాల బడికాడికే వచ్చిండు. నువ్వు రుమాల్ తీసి భుజం మీదేసినవ్, బజారంత చూసింది. మొదటి మనిషి రుమాల్ తీస్తే ఊరంత లేదనాలె. గది నువ్వు పెట్టిన కాయిదానే గదా!"

నా దగ్గరికి ఎవరూ రాలేదని చెప్పి వచ్చేశాను.

నవంబర్ 14

పిల్లల పండుగ. బడిలో పిప్పరమెంట్లు పంచాను.

వచ్చాడు. నా దగ్గరికే వచ్చాడు.

నవంబర్ 15, శుక్రవారం

ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాశానంటే నా అంత సిగ్గులేనివాడు ఉండడు. ఎవరు చదువుతారని? గుమ్మడికాయల దొంగ ఎవడంటే ఒంటరి గదిలో కూర్చుని భుజాలు తడుముకున్నాను.

క్యాంపు కాలంలో మా తమ్ముడు సైదులు సంఘం చీటీలు మోసేవాడు. పోలీసులు వాడికోసం వచ్చి ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగేవాళ్లు. ఒకడు అవునని, ఒకడు కాదని అంటే ఇద్దరినీ కొట్టేవాళ్లు. అందుకే నేను ఈ కట్టడి పెట్టాను. ముందుగా ఎవరిని అడిగితే వాడి మాటే ఊరి మాట. రుమాలు తలమీదే ఉంటే చెప్పవచ్చు, భుజం మీదికి వస్తే చెప్పకూడదు. తర్వాత దొరికి జైలుకు పోయినా, దాంతోనే సైదులు ప్రాణాలతో మిగిలాడు.

ఆ గురువారం ఏమైందంటే, ఆయన సైకిల్ ఆపి "దశరథం గారు మీరేనా?" అని మర్యాదగానే అడిగాడు. చేతిలో కాగితం ఉంది. నా బిడ్డ పేరు ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది, మీద మూడు సింహాల ముద్ర. ఎరువుల కంపెనీకి సింహాలెక్కడివి? నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"దశరథం లేడు" అన్నాను.

"ఆయన కూతురు మంజులత?"

"దశరథానికి బిడ్డల్లేరు" అన్నాను.

చెయ్యి పాత అలవాటు కొద్దీ రుమాలు తీసిందని రాద్దామనుకున్నాను. కాదు. నేనే తీశాను. ఊరంతా లేదనాలని తీశాను.

ఆ పని పట్టిచ్చే పనేనని భయపడ్డాను. రేపు హనుమమ్మ మొహం ఎట్లా చూడాలని భయపడ్డాను. ఇది సగం. మిగతా సగం ఏమిటంటే, నా బిడ్డ ఢిల్లీ పోతే ఇక నాకు దొరకదని ఏడుపొచ్చింది. కొలువు దానంతట అదే తప్పిపోతే నా మీదికి రాదు, దేవరకొండ బడిలో చేరుతుంది, సాయంత్రం బస్సుకు ఇంటికి వస్తుంది అనుకున్నాను. దేశం సంగతి ఆ వేళ నాకు గుర్తే లేదు.

నవంబర్ 17, ఆదివారం

సైదులుతో చెప్పాను. వాడిప్పుడు ఐదెకరాల ఆముదం రైతు, కాస్త కుంటుతాడు. తిడతాడనుకున్నాను. చుట్ట ఆర్పి, "నల్లగొండల వాళ్ల ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు.

"ఉన్నదంత చెప్తే నీ పేరు సుత వస్తది. చిన్నాయిన జైలుకు పోయొచ్చిండంటే ఇచ్చే కొలువు సుత ఇయ్యరు."

"రానీ. నేను దొంగతనం చేసి పోయిన్నా? అబద్ధమాడి ఆమెకు కొలువు ఇప్పిస్తవా? గసుంటి కొలువుకు?"

వాడు ఇలా మాట్లాడతాడనే నాకు భయం.

అక్కడి నుంచి హనుమమ్మ ఇంటికి పోయాను. ముసలామె ఆముదం గెలలు కొడుతోంది. మంజులత ఎవరికీ చెప్పవద్దన్నది. అయినా ఈమెకు చెప్పకుండా నేను నల్లగొండ పోలేను. చెప్పి, "ఐలేశం తల్లివి, నువ్వు వద్దంటే ఇడిచిపెడత" అన్నాను.

ఆమె కర్ర కింద పెట్టింది. "నా కొడుకును పట్టిచ్చినోడు మనోళ్ల సంగతి కొట్టెటోనికి చెప్పిండు. నీ బిడ్డ కొట్టెటోని సంగతి మనోళ్లకు చెప్తది. గీ రెండు ఒక్కటేనా? ఆనాడు లారీలు వస్తున్నయని గంటముందు ఎరుక చేసెటోళ్లు ఒక్కలున్నా నా పిలగాడు గుట్టెక్కి బతుకుతుండె." కర్ర మళ్లీ అందుకుంటూ, "ఇంత సదువుకున్నవ్, గీ మాత్రం తెల్వదా నీకు?" అంది.

తెలియలేదమ్మా. నిజంగా తెలియలేదు.

నవంబర్ 20, బుధవారం

మొదటి బస్సుకు నల్లగొండ పోయాను. ఆఫీసుకు బోర్డు లేదు, అడిగి అడిగి పట్టుకునేసరికి పదిన్నర. సైకిల్ మీద వచ్చినాయనే బల్ల వెనుక కూర్చుని ఉన్నాడు. పేరు మల్లప్ప, ఈ ఇలాకా మనిషే. నేను నోరు తెరవకముందే లేచి, "రాండ్రి దశరథం గారూ" అన్నాడు.

"నేనే దశరథమని మీకెట్ల తెలుసు?"

"బడి తలుపు మీద పేరు రాసి ఉండె కదండీ. చేతికి సుద్ద ఉండె."

"మరి లేడని ఎందుకు రాసిండ్రు?"

"లేడని రాయలేదు. తండ్రి నాకు బిడ్డ లేదన్నడు, ఊరు ఊరంత ఆయన మాటే అన్నది, కారణం తెలియదు అని రాసిన. కన్నతండ్రి కాదన్న పిల్లను ఢిల్లీవాళ్లు ఎట్ల నమ్ముతరు?"

అంతవరకు దాన్ని నేను చెప్పిన అబద్ధంగానే తలచుకున్నాను. కాగితం మీద అది నా బిడ్డకు పడిన మచ్చ అని అప్పుడు తెలిసింది. పరాయి ఆఫీసులో, యాభై ఏళ్లవాణ్ణి, కండ్లనీళ్లు పెట్టుకున్నాను.

అంతా చెప్పాను. రుమాలు, క్యాంపు, సైదులు చీటీలు, జైలు, ఐలేశం, నా భయం, నా స్వార్థం. చివర మల్లప్ప కాగితాలు జరిపి, మీ చేతితో మీరే రాయండి అన్నాడు. ఏ భాషలో అంటే, మీకు ఏది నిజంగా వస్తే అందులో అన్నాడు. ఉర్దూలో రాశాను. చిన్నప్పుడు మౌల్వీ బెత్తం దెబ్బలతో నేర్చుకున్న దస్తూరీ అది, ఇన్నేళ్లకు కూడా గీత వంకర పోలేదు. నాలుగు పేజీలు. సైదులు పేరు కూడా రాశాను.

ఆయన చదివి, "మీ తమ్ముని సంగతి మాకు ముందే ఎరుకే. రికార్డుల ఉన్నది. మీరు దాస్తరా చెప్తరా అన్నదే చూడాల్సి ఉండె" అన్నాడు. బయటికి సాగనంపుతూ నవ్వాడు. "పద్దెనిమిదేండ్ల నౌకరీల శానా ఊర్లు తిరిగిన. ముసలామె కాన్నుంచి హోటలాయన దాంక ఒక్కడు మాట జారలే. గా ఊరి పిల్ల నోరు గట్టిగనే ఉంటది. అయినా నేను మాటియ్యలేను, నా చేతుల లేదు."

నవంబర్ 21

మంజులతకు ఉత్తరం రాశాను. తేడా ఊరు తేలేదు, నేను తెచ్చాను అని రాశాను. నేనన్న మాట కూడా ఉన్నదున్నట్టు రాశాను. ఎరుపు డబ్బాలో వేశాక తిరిగి తీసుకుందామనిపించింది, చెయ్యి పట్టలేదు.

డిసెంబర్ 1

నెలాఖరు దాటింది. ఏ కబురూ లేదు. మంజులత జవాబు రాయలేదు.

డిసెంబర్ 9

లేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

సోమమ్మకు కూడా చెప్పాను. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, సైగలతో అన్నం పెడుతోంది. న్యాయమే. ఆముదాలు మాత్రం అనుకున్నంత చెడిపోలేదు.

డిసెంబర్ 22, ఆదివారం

మధ్యాహ్నం బస్సుకు మంజులత వచ్చింది. నా వైపు చూడకుండా కాళ్లు కడుక్కుంది, నీళ్లు తాగింది. తర్వాత వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"బిడ్డల్లేరన్నవట."

"అన్న."

"అనంగ నోరెట్లచ్చింది బాపూ?"

"నువ్వు పోతవని" అన్నాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సోమమ్మ గడపలో నిలబడి ఇద్దరినీ తిట్టింది, ఆమె నోరు తెరిచినందుకే నాకు ప్రాణం లేచివచ్చింది. అప్పుడు మంజులత సంచిలోంచి కాగితం తీసి నా ఒళ్లో పెట్టింది. కొలువు వచ్చింది. గురువారం హైదరాబాదులో బండి ఎక్కాలి.

"పొయ్యినంక ఎవలన్న మీ ఇల్లేది, మీ బాపు ఏం చేస్తడు అంటే, నేను సుత మాట దాటెయ్యాలె" అంది, కండ్లు తుడుచుకుంటూ. "నీ అంత సులువుగ నాకొస్తదో రాదో."

"సులువుగ రాలే బిడ్డా" అన్నాను. అప్పుడు నవ్వింది. మూడు నెలల తర్వాత నా ఇంట్లో ఎవరైనా నవ్వడం ఇదే.

సాయంత్రం హోటల్ దగ్గర కిష్టయ్య అందరి ముందూ, "పిల్ల ఏడికి పోతాంది పంతులూ?" అని అడిగాడు. తర్జుమా పనికి అన్నాను. ఆయన నా కండ్లలోకి చూసి ఇంకేమీ అడగలేదు. మంజులతకు అటుకులు, పుట్నాలు మూటకట్టి ఇచ్చాడు. "మా జంగడుంటే బండి ఎక్కిచ్చొస్తుండె" అన్నాడు.

డిసెంబర్ 25, బుధవారం

తెల్లవారింది. పదింటి బస్సుకు మంజులత పోతుంది. నేను హైదరాబాదు దాకా పోతున్నాను, సైదులు కూడా వస్తానంటున్నాడు.

నిన్న బట్టలు సర్దుకుంటూ అడిగింది. "బాపూ, నా సంగతి రాసిన కాయితాలు ఏమన్న ఉన్నయా ఇంట్ల?"

ఉత్తరాలున్నాయన్నాను. "ఇంకా?" అంది. ఈ పిల్ల అప్పుడే పని నేర్చింది.

హాజరు పట్టీ తెచ్చి చూపించాను. చేతిలోకి తీసుకోలేదు, తెరవలేదు. "అది నీది. కానీ ఉండొద్దు బాపూ" అంది. ఉత్తరాలు నిన్ననే పొయ్యిలోకి పోయాయి. దీనికి మాత్రం ఒక్కరోజు గడువు అడిగాను.

మూడు నెలలు నన్ను భరించిన పుస్తకం ఇది. దీనికి అబద్ధం చెప్పాను, నిజమూ చెప్పాను. ఇకమీద ఏదైనా కడుపులో పడితే సోమమ్మకు చెబుతాను, చెప్పకూడనిదైతే మింగుతాను. యాభై ఏళ్లకు నోరు కట్టుకోవడం నేర్చుకోవాలి. నేర్చుకుంటాను, నా బిడ్డ కోసం ఆ మాత్రం చేయలేనా?

పెరట్లో సోమమ్మ కేకలేస్తోంది. కట్టెలు పచ్చివట, పొయ్యి అంటుకోవడం లేదట, పిల్ల తలకు పోసుకునే నీళ్లు ఇంకా కాగలేదట. ఈ పుస్తకం ఎండుది, బాగా అంటుకుంటుంది. తీసుకుపోతున్నాను.